రెండు భాషల నడుమ బాల్యం: బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో ఆట, చదువు

రైల్వేల చరిత్రను మనం సాధారణంగా వేసిన మార్గాల పొడవుతోను, మోసిన సరకు బరువుతోను కొలుస్తాము. ఆ మార్గాల వెంట మనుషులతో పాటు భాషలు కూడా ప్రయాణించాయన్న సంగతి ఆ లెక్కలలోకి రాదు. ఒక భాష ఏ స్టేషనులో దిగింది, ఎవరి ఇంట నిలిచింది, మూడో తరం నాటికి ఎవరి నోట మిగిలింది అన్న ప్రశ్నలకు సమాధానం కావాలంటే దస్త్రాలకన్న ముందు పసిపిల్లలు ఆడుకునే చోట్లను పరిశీలించవలసి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ అటువంటి పరిశీలనకు తగిన పట్టణం. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల చదువులో ఆటకు గల స్థానమేమిటి, ఆ ఆటలో ఇంటి భాషకు గల స్థానమేమిటి అన్న రెండు ప్రశ్నలను అక్కడి తెలుగు కుటుంబాల స్థితిని దృష్టిలో ఉంచుకొని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రైలు తెచ్చిన భాష

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు సమీపంలోని రతన్‌పూర్ కలచురి రాజులకు రాజధానిగా విలసిల్లిన ప్రాచీన నగరం. దానితో పోలిస్తే బిలాస్‌పూర్ చిన్న ఊరు. ఆ చిన్న ఊరికి నేటి ప్రాముఖ్యం రైలు వల్ల వచ్చినది. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ, అంతకు ముందే ఉన్న నాగపూర్–ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని స్వాధీనం చేసుకొని, దానిని వెడల్పు చేసి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు పొడిగించింది. 1891 నాటికి ఈ మార్గంపై రవాణా ప్రారంభమయింది. సిబ్బంది నివాసాలు, షెడ్డులు, ఆసుపత్రి, పాఠశాలలు ఒకచోట చేరి ఊరి పక్కన మరొక ఊరు వెలసినది. ఈ రెంటికీ నడుమ సరిహద్దును గుర్తుచేసే పేరు ఒకటి నేటికీ ఆ పట్టణంలో ఉన్నది. రైల్వే ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న ఒక పేట పేరు తారబాహర్. తీగ వెలుపల అని ఆ మాటకు అర్థం.

తెలుగువారు ఇక్కడికి రావడానికి కారణం ఒక పరిపాలనా నిర్ణయంలో కనిపిస్తుంది. తూర్పు తీర ప్రభుత్వ రైల్వేలో కటకం నుంచి వాల్తేరు వరకు గల ఉత్తర భాగం 1902లో బెంగాల్–నాగపూర్ రైల్వేలో విలీనమయింది. దానితో సోంపేట, పలాస, ఆమదాలవలస ప్రాంతాల మీదుగా పోయే మార్గమూ, బిలాస్‌పూర్ మీదుగా పోయే మార్గమూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. కళింగాంధ్ర పల్లెల నుంచి రైల్వే పనిలో చేరినవాడు బదిలీపై మధ్య పరగణాలకు రావడం ఆ కంపెనీ లోపలి వ్యవహారం అయింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో రాకపోకలు మరింత సులభమయ్యాయి. 1944లో కంపెనీ ప్రభుత్వపరమయింది; 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది; 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే అవతరించింది. యాజమాన్యాలు మారినా కాలనీలలో తెలుగు ఇళ్ళు నిలిచాయి. ఇదే రైల్వే వ్యవస్థలోని ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఎంత గణనీయంగా స్థిరపడ్డారంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును తన అధికార భాషలలో చేర్చాలని నిర్ణయించడానికి ఆ పట్టణమే ముఖ్య కారణం.

మూడు భాషల వాకిలి

బిలాస్‌పూర్‌లోని తెలుగు ఇంట పుట్టిన బిడ్డ భాషాపరిస్థితి ఆంధ్రదేశంలోని బిడ్డ పరిస్థితికి భిన్నమైనది. ఇంటిలో తల్లి, నాయనమ్మ మాట్లాడేది కళింగాంధ్ర నుడికారంతో కూడిన తెలుగు. వాకిలి దాటితే ఛత్తీస్‌గఢీ. 2007లో దానికి ఆ రాష్ట్రంలో అధికార భాషగా గుర్తింపు లభించినది. బడిలో హిందీ. కొంచెం పై మెట్టున ఇంగ్లీషు. తెలుగు ద్రావిడ భాష. ఛత్తీస్‌గఢీ, హిందీ ఆర్య భాషలు. మాటలే కాదు, వాక్యంలో క్రియ లింగాన్ని అనుసరించే తీరు, గౌరవవాచకాలు, బంధుత్వ పదాలు అన్నీ వేరు. మేనమామ కొడుకును బావ అని పిలిచే ఇంటి నుంచి, అదే మేనమామ కొడుకును అన్నగానో తమ్ముడుగానో లెక్కించే వీధిలోకి ఆ బిడ్డ రోజూ నడిచి వెళ్ళి తిరిగి వస్తుంది.

పంచాంగం సైతం రెండుగా చీలుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు నాగలికి పూజచేసే హరేలీ పండుగ వారి లెక్కలో శ్రావణ అమావాస్య. అక్కడ మాసం పూర్ణిమతో ముగుస్తుంది. మన లెక్కలో అమావాస్యతో ముగుస్తుంది. కనుక అదే రోజు తెలుగు ఇంటి గోడకు వేలాడే పంచాంగంలో ఆషాఢ అమావాస్య. ఒకే చీకటి రాత్రికి రెండు పేర్లు ఉండవచ్చునని పెద్దలకు వివరించి చెప్పవలసి వస్తుంది గాని, ఆ పట్టణంలో పెరిగే పిల్లకు అది సహజంగానే తెలుస్తుంది.

ఈ సహజస్థితి ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ప్రశ్న. వలస వెళ్ళిన కుటుంబాలలో భాష కనుమరుగయ్యే క్రమం లోకంలో చాలాచోట్ల ఒకే తీరుగా సాగుతుంది. మొదటి తరం చదువుతుంది, రాస్తుంది, మాట్లాడుతుంది. రెండో తరం మాట్లాడుతుంది గాని చదవలేదు. మూడో తరానికి అర్థమవుతుంది గాని మారుమాట హిందీలో వస్తుంది. ఈ మార్పు ఉన్నత పాఠశాలలో జరుగుతుందని మనం అనుకుంటాము. నిజానికి అది మూడు, నాలుగేళ్ళ వయస్సులో, బిడ్డ తొలిసారి ఇంటికి వెలుపల ఒక గదిలో కూర్చున్ననాడే మొదలవుతుంది. ఆ గదిలో ఏ భాషలో ఆడుకుంటే అదే విలువైన భాష అని బిడ్డ తేల్చుకుంటుంది. ఎవరూ ఆ మాట చెప్పనవసరం లేదు.

ఆటకు బడిలో చోటు దొరికిన వైనం

పసిపిల్లలకు ఆటయే చదువు అన్న భావం కొత్తది కాదు. గ్రీకు భాషలో ఆటకు పైదియా అనీ, విద్యకు పైదేయా అనీ పేర్లు. రెండూ బిడ్డ అనే అర్థం గల ఒకే ధాతువు నుంచి పుట్టినవి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు గ్రామ దేవాలయాల వద్ద దాదుల పర్యవేక్షణలో చేరి తమ ఆటలు తామే కల్పించుకోవాలని ప్లేటో తన ‘న్యాయశాస్త్రాలు’ గ్రంథంలో సూచించాడు. అయితే ఈ భావాన్ని ఒక సంస్థగా రూపొందించిన ఘనత జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్‌కు దక్కుతుంది. 1782లో జన్మించిన ఫ్రోబెల్ పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో పిల్లల కోసం ఒక సంస్థ నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని ఆ మాటకు అర్థం. అతడు పిల్లల చేతికిచ్చిన సాధనాలు అతి సామాన్యమైనవి: రంగురంగుల నూలు బంతులు, చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం, విడదీసి మళ్ళీ కూర్చదగిన చిన్న చిన్న దిమ్మెలు. వాటికి కానుకలని పేరు. అనకాపల్లి ప్రాంతంలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసి చేసే బొమ్మలను చూచిన తెలుగువారికి ఈ కానుకలు అపరిచితమైనవిగా తోచవు.

ఫ్రోబెల్ సంస్థ చరిత్రలో పాలకులు గుర్తుంచుకోదగిన ఘట్టాలు రెండున్నాయి. మొదటిది: 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ మరణించాడు. 1860లో గాని ఆ నిషేధం తొలగలేదు. పిల్లలు స్వేచ్ఛగా ఆడుకోవడాన్ని సైతం ఒక రాజ్యం అనుమానించగలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

రెండవది మన విషయానికి మరింత దగ్గరిది. 1856లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో మార్గరెతా షుర్జ్ తన కుమార్తె కోసం, బంధువుల పిల్లల కోసం ఒక కిండర్‌గార్టెన్ ప్రారంభించింది. ఆమె జర్మనీ నుంచి వలస వచ్చిన స్త్రీ. అక్కడి భాష జర్మన్. అనగా అమెరికాలో ఈ తరహా బడి వలస కుటుంబాల ఇంటి భాషలో మొదలయింది. 1860లో ఎలిజబెత్ పీబడి బోస్టన్‌లో ఇంగ్లీషులో నడిచే బడి తెరిచింది. 1873లో సెయింట్ లూయిస్ నగరంలో అది ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థలో భాగమయింది. ఆ పద్ధతి దేశమంతటా వ్యాపించింది. జర్మన్ పేరు నేటికీ నిలిచే ఉన్నది గాని, ఆ గదులలో జర్మన్ భాష నిలవలేదు. ఆటను ప్రభుత్వం స్వీకరించినంత మాత్రాన ఆ ఆటకు జన్మనిచ్చిన ఇంటి భాష కూడా రక్షణ పొందుతుందని భావించరాదు. బిలాస్‌పూర్ విషయంలో మనం జాగ్రత్త పడవలసిన అంశం సరిగ్గా ఇదే.

భారతదేశపు అనుభవం

మన దేశంలో శిశువిద్యకు బాట వేసినవారిలో గిజుభాయి బధేకా ప్రథమగణ్యుడు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో ఆయన నెలకొల్పిన బాలమందిరంలో కథలు, పాటలు, నాటకాలు, తోటపని చదువులో భాగమయ్యాయి. అదంతా గుజరాతీలోనే సాగింది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939 నవంబరులో మద్రాసు చేరిన మేరియా మాంటిసోరి, రెండో ప్రపంచయుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండి అడయారులోను, ఇతర నగరాలలోను ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. తారాబాయి మోడక్ ఈ పద్ధతులను పట్టణపు సంపన్న గృహాల నుంచి గ్రామాలకు మళ్ళించింది. 1945లో బోర్డీలోను, తరువాత 1957 నుంచి కోస్‌బాడ్‌లోను ఆమె, అనుతాయి వాఘ్ కలిసి, బడికి రాలేని వార్లీ ఆదివాసీ పిల్లల ముంగిళ్ళకే బడిని తీసుకుపోయారు. గింజలు, ఆకులు, గులకరాళ్ళు అక్కడ బోధన సాధనాలు. ముంగిట నడిచే బడి కనుక అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ మాటను దేశమంతటికీ పరిచయం చేసింది.

ఇంటి భాష విషయంలో తెలుగునాట మరింత స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి సవర భాషను స్వయంగా నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లల కోసం బడులు నడిపారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణమూ, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువూ వెలువడ్డాయి. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన వ్యక్తిగా మనం ఆయనను స్మరిస్తాము. తన భాషకు కోరిన న్యాయాన్నే పొరుగు భాషకూ చేకూర్చిన వ్యక్తిగా కూడా స్మరించాలి. ఆయన చూపిన దారిలోనే 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషలలో ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. బిడ్డ తన ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి అడుగుపెట్టడం ఆ పథకం సారాంశం. ఆంధ్రప్రదేశ్‌లో సవర పిల్లకు తెలుగు ఎటువంటిదో, బిలాస్‌పూర్‌లో తెలుగు పిల్లకు హిందీ అటువంటిది. మన గడపలో మనం అంగీకరించిన సూత్రాన్ని పొరుగు గడపలో మన పిల్లల కోసం అడగడంలో తప్పు లేదు.

ఇక ఆట విషయానికి వస్తే, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలానందం కార్యక్రమాల ద్వారాను, 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక ద్వారాను పిల్లల పాటకు, ఆటకు, నాటికకు తెలుగులో గౌరవస్థానం కల్పించారు. పిల్లలు వినడమే కాక తామే పాడాలి, తామే ఆడాలి అన్న పట్టుదల వారి కృషిలో కనిపిస్తుంది.

ఒకే ఆట, రెండు పేర్లు

బిలాస్‌పూర్ వీధులలో ఆడే ఆటలను తెలుగు ఆటల పక్కన ఉంచి చూస్తే ఆసక్తికరమైన పోలికలు కనిపిస్తాయి. మన బొంగరం అక్కడ భౌంరా. మన గోళీలు అక్కడ బాంటీ. పెంకులు ఒకదానిపై ఒకటి పేర్చి బంతితో కొట్టే మన ఏడుపెంకులాట అక్కడ పిట్ఠుల్. గళ్ళు గీసి ఒంటికాలిపై గెంతే మన తొక్కుడుబిళ్ళ అక్కడ బిల్లస్. ఈ చివరి జంటలో ధ్వనిసామ్యం చెవికి ఇంపుగా ఉన్నది గాని, దానిని బట్టి వ్యుత్పత్తి నిర్ణయించడం తొందరపాటు. హరేలీ నాడు వెదురు కర్రలపై నిలిచి నడిచే గేడీ, చేతులు పట్టుకొని కూర్చుని గెంతుతూ ఆడే ఫుగడీ ఆ నేలకు ప్రత్యేకమైనవి. మన చెమ్మచెక్క, గుజ్జనగూళ్ళు, 14 గుంటల పీటపై చింతగింజలతో ఆడే వామనగుంటలు తెలుగు ఇంటి సొత్తు. 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్’ పేరిట భౌంరా, బాంటీ, బిల్లస్, పిట్ఠుల్, గేడీ, ఫుగడీ వంటి సంప్రదాయ క్రీడలకు పోటీలు ప్రారంభించింది. వీధి ఆటకు ప్రభుత్వ గౌరవం దక్కిన సందర్భమది.

ఆటలో భాష ఎలా అలవడుతుందో పరిశీలిద్దాము. తరగతి గదిలో మాట ముందు వస్తుంది, అర్థం తరువాత వస్తుంది. ఆటలో అర్థం కళ్ళ ముందే ఉంటుంది, మాట దానిని వచ్చి అంటుకుంటుంది. గెంతు, ఆగు, నీ వంతు, నా వంతు, అవుట్, మళ్ళీ అనే మాటలు చేష్టతో కలిసి వందసార్లు వినిపిస్తాయి. ఎన్నిసార్లు విన్నా ఆటలో విసుగు లేదు. వామనగుంటలలో గింజలు పంచుతూ లెక్కించే పిల్ల ఒకేసారి సంఖ్యను, చేతివాటాన్ని, ముందుచూపును నేర్చుకుంటుంది. ఆ లెక్క ఒక భాషలో గట్టిపడితే మరొక భాషలోకి మారడం సులభం. ఒక భాషలో సాధించిన అవగాహన మరొక భాషకు ఆధారమవుతుందని 1979లో జిమ్ కమిన్స్ ప్రతిపాదించినది ఈ సంగతినే. పిల్లల తొలి చదువు మాతృభాషలో సాగాలని యునెస్కో 1953లోనే సిఫారసు చేసింది.

మన పెద్దలు ఈ శాస్త్రాన్ని ఒక చిన్న మాటలో పెట్టారు. బృందంలోని అందరికన్న చిన్నబిడ్డను, నియమాలు ఇంకా తెలియని బిడ్డను ఆటలో అరటిపండు అంటారు. ఆ బిడ్డ అందరితో పాటు పరుగెత్తుతుంది, అరుస్తుంది. కాని అవుట్ కాదు, ఓడిపోదు. హిందీ ప్రాంతాల పిల్లలు అటువంటి బిడ్డను కచ్చా నీంబూ అంటారు. పండు మారినా న్యాయం ఒకటే. కొత్త భాషలోకి ప్రవేశించే ప్రతి బిడ్డకూ కొన్ని నెలల మౌనకాలం ఉంటుంది. వింటుంది, గ్రహిస్తుంది, మాట్లాడదు. ఆ కాలంలో ఆమెను ప్రశ్నించి, మార్కులు వేసి, వెనుకబడినదని ముద్రవేసే బడి ఒకటి. ఓటమి లేకుండా ఆడనిచ్చే వీధి మరొకటి. శిశువిద్య వీధి నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

గ్రీకు–జర్మన్ ఉదాహరణ

ఇటువంటి సమస్యనే మరొక దేశం ఎలా ఎదుర్కొన్నదో చూడడం ఉపయోగకరం. 1960 మార్చి 30న పశ్చిమ జర్మనీ, గ్రీసు ప్రభుత్వాల మధ్య కార్మికుల నియామక ఒప్పందం కుదిరింది. గ్రీకు శ్రామికులు జర్మన్ కర్మాగారాలకు తరలివచ్చారు. వారు కొద్ది ఏళ్ళలో తిరిగి వెళ్ళిపోతారని ఇరు ప్రభుత్వాలూ భావించాయి. 1973లో కొత్త నియామకాలు ఆగిపోయాయి. కాని కుటుంబాలు నిలిచాయి, పిల్లలు పెరిగారు. ఆ పిల్లలను స్వదేశానికి మరలే ఉద్దేశంతో గ్రీకు బడులలో చదివించాలా, స్థిరపడే ఉద్దేశంతో జర్మన్ బడులలో చేర్చాలా అన్న వివాదం తలెత్తింది. అది బిడ్డ అవసరం గురించిన వివాదం కాదు, పెద్దల ప్రయాణ నిర్ణయం గురించిన వివాదం.

ఈ చిక్కును విప్పే మార్గంగా ద్విభాషా శిశువిద్యాలయాలు, పాఠశాలలు వచ్చాయి. బెర్లిన్‌లో 1992లో ప్రారంభమైన ప్రభుత్వ ఐరోపా పాఠశాలల పథకంలో జర్మన్‌కు జోడుగా ఉన్న భాషలలో గ్రీకు ఒకటి. అక్కడి సూత్రం ప్రకారం తరగతిలో సుమారు సగం మంది జర్మన్ ఇళ్ళ పిల్లలు, సగం మంది జోడు భాష ఇళ్ళ పిల్లలు ఉండాలి. ఇరు భాషలూ బోధనా భాషలే. దీనివల్ల గ్రీకు పిల్ల ఒక్కతే నేర్చుకునేది కాదు. కొంతసేపు ఆమే నేర్పేది కూడా అవుతుంది. శిశువిద్యాలయాలలో ఈ పద్ధతి సాధారణంగా వ్యక్తిని బట్టి సాగుతుంది. ఒక ఉపాధ్యాయిని ఎల్లప్పుడూ ఒకే భాషలో మాట్లాడుతుంది, మరొకరు రెండవ భాషలో. ఒక వ్యక్తికి ఒక భాష అన్న ఈ నియమం పాతదే. ఫ్రెంచి భాషావేత్త జూల్ రోంజా తన కుమారుని ఫ్రెంచి, జర్మన్ భాషలలో ఇదే పద్ధతిన పెంచి, 1913లో తన పరిశీలనను గ్రంథంగా ప్రకటించాడు. తెలుగు నాయనమ్మ, హిందీ ఉపాధ్యాయిని ఉన్న బిడ్డకు ఈ నియమం పుస్తకం లేకుండానే పరిచితం.

చట్టం చూపు ఆగిన చోటు

మన రాజ్యాంగం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలను విస్మరించలేదు. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం, ఒక పాఠశాలలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒకే మాతృభాష గల పిల్లలుంటే ఆ భాషలో ప్రాథమిక బోధన ఏర్పాటు చేయాలని తీర్మానించింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350–ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని నిర్దేశించింది. అదే సంవత్సరం నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే బిలాస్‌పూర్ కొత్త మధ్యప్రదేశ్‌లో భాగమయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్‌లో చేరింది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన లోపం గమనార్హం. 350–ఎ అధికరణం మాట్లాడేది ప్రాథమిక దశ గురించి. 2002 నాటి 86వ సవరణతో కొత్త రూపు దాల్చిన 45వ అధికరణం ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణ, విద్య గురించి మాట్లాడుతుంది. అయితే భాష ఊసు అందులో లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్న మాట అందులో ఉన్నది గాని, శిశువిద్యను ప్రభుత్వాల వెసులుబాటుకు వదిలింది. ఒక నిబంధన భాషను చూస్తుంది, వయస్సును చూడదు. మరొకటి వయస్సును చూస్తుంది, భాషను చూడదు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీలోనే బిలాస్‌పూర్‌లోని మూడేళ్ళ తెలుగు బిడ్డ నిలబడి ఉన్నది. ఆరేళ్ళు నిండి చట్టం ఆమెను గుర్తించే నాటికి భాషల తారతమ్యాన్ని ఆమె నిర్ణయించుకొని ఉంటుంది.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయస్సును పునాది దశగా గుర్తించి, ఆట ద్వారా విద్యను, ఇంటి భాషలో బోధనను ఒకే పత్రంలో పేర్కొన్నది. 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటకు ప్రధాన స్థానమిచ్చింది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పొడుపు ఆటలు, కథల పుస్తకాలతో కూడిన ‘జాదుయీ పిటారా’ విడుదలయింది. ఛత్తీస్‌గఢ్‌లో 2022లోనే అయిదు వేలకు పైగా పాఠశాలలలో బాలవాడులు ప్రారంభమయ్యాయి. ఇవన్నీ హర్షించదగినవి. అయితే విధానపత్రంలో ఇంటి భాష అన్న మాట అమలులో రాష్ట్ర భాషగా మారిపోయే ప్రమాదం ఎల్లప్పుడూ ఉన్నది. వాటర్‌టౌన్ అనుభవం చెప్పినది అదే.

చేయదగిన పనులు

బిలాస్‌పూర్‌లో ప్రత్యేక తెలుగు మాధ్యమ పాఠశాలలు కావాలని ఈ వ్యాసం వాదించడం లేదు. ఆ పట్టణంలో జీవించే పిల్లకు హిందీ అవసరం. ఛత్తీస్‌గఢీ ఆమె నేల భాష. వాటితో తెలుగుకు వైరం లేదు. తరగతికి 10 మంది అన్న నియమం ఉపాధ్యాయ నియామకాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినది. ఆటకు అంత సంఖ్య అవసరం లేదు. చెమ్మచెక్కకు ఇద్దరు చాలు.

పరిపాలనాపరంగా మొదట చేయదగినది చాలా చిన్న పని. అంగన్‌వాడిలోను, బాలవాడిలోను బిడ్డను చేర్చుకునే రోజున ఆమె ఇంటి భాషను రిజిస్టరులో నమోదు చేయాలి. నమోదు కాని భాషకు ఏ పథకమూ చేరదు. రెండవది, రోజుకు ఒక గంట ఆ భాష మాట్లాడే పెద్ద ఒకరు పిల్లలతో కూర్చుని ఆడే ఏర్పాటు. రైల్వేలో పదవీవిరమణ చేసినవారు, వారి ఇళ్ళలోని నాయనమ్మలు, అమ్మమ్మలు ఇందుకు అర్హులు. వారికి బోధనాశిక్షణ కన్న ముఖ్యమైనది ఒక నియమం: ఆ గంటలో తెలుగే మాట్లాడాలి, బిడ్డ హిందీలో బదులిచ్చినా మందలించరాదు. మూడవది, జంట ఆటల పట్టిక. భౌంరా తిప్పే రోజున బొంగరం అన్న మాటా వినిపించాలి. ఆ గంటలో హిందీ, ఛత్తీస్‌గఢీ ఇళ్ళ పిల్లలు కూడా కూర్చోవాలి. అప్పుడు తెలుగు పిల్ల నేర్పే స్థానంలో ఉంటుంది. ఆ స్థానం నుంచి చూచిన భాషను బిడ్డ చిన్నచూపు చూడదు. అక్షరాలు తరువాత రావచ్చును.

మిగిలిన బాధ్యత కుటుంబాలది. పండుగనాడు వేదికపై తెలుగు పాట పాడించి, మిగిలిన సంవత్సరమంతా బిడ్డతో హిందీలో మాట్లాడే ఇల్లు భాషను నిలపలేదు. ఉత్సవం భాషకు అలంకారం. దైనందిన వ్యవహారమే దాని జీవనం.

శతాబ్దం కిందట ఈ పట్టణానికి తెలుగును తీసుకువచ్చినవారు దానిని కాపాడాలనే సంకల్పంతో రాలేదు. పని కోసం వచ్చారు, భాష వారి వెంట వచ్చింది. వారి మునిమనుమలకు ఆ భాష వారసత్వంగా అందాలా వద్దా అన్నది నేడు సంకల్పంతో తేల్చవలసిన విషయమయింది. అందుకు మిగిలిన వ్యవధి చాలా తక్కువ. ఒక్కొక్క బిడ్డకు మూడేళ్ళ వయస్సు నుంచి ఆరేళ్ళ వరకు.